రాజు లేని ఊళ్లో దొంగ దొరికితే

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: పన్నెండు మందున్న మీ బృందం ఒక నాటకం వేయాలనుకుంటోంది. అందులో ప్రభుత్వం ఉండదు, పోలీసులుండరు, జైలుండదు. అయినా జనం ఒకరినొకరు కొట్టుకోకుండా బతుకుతారు. ఆ ఊరిని ప్రేక్షకులే వేదిక మీదికొచ్చి కట్టాలి. ఇది ఉపన్యాసంలా తేలిపోకుండా ఎలా రాయాలి, జనాన్ని కుర్చీల్లోంచి ఎలా లేపాలి, లేచాక గొడవైతే ఏం చేయాలి, ఇంతకీ ఇలాంటి నాటకానికి డైరెక్టర్ ఉండొచ్చా అని నాలుగు ప్రశ్నలు వేశారు.

పంతొమ్మిదేళ్లుగా ఇలాంటివి చేస్తున్నాను. నటుడిగా తక్కువ, జోకర్‌గా ఎక్కువ. ఇక్కడ జోకరంటే నవ్వించేవాడు కాడు, పేకలో జోకర్ లాంటివాడు. ఏ రంగుకీ చెందడు, ఎక్కడైనా ఇముడుతాడు. నాటకానికీ ప్రేక్షకులకీ మధ్య నిలబడి ఆట నడిపిస్తాడు. మీ నాటకానికి అందరికంటే ముందు కావలసిన మనిషి అతనే, రచయిత కాదు.

ముందు ఒక పేరు సంగతి. పోస్టర్ మీద "అరాజకవాద నాటకం" అని వేయకండి. అరాజకం అంటే రాజు లేకపోవడం అనే అర్థం మన వాడుకలోంచి ఎప్పుడో జారిపోయింది. అరాచకం అని పలుకుతూ దోపిడీకీ కొట్లాటకీ వాడేస్తున్నాం. "అరాచకం రాజ్యమేలుతోంది" అని కూడా రాస్తుంటారు, ఆ వాక్యంలో ఉన్న తమాషా ఎవరికీ తట్టదు. ఆ మాట చూసి వచ్చినవాళ్లు రౌడీల నాటకం అనుకుని వస్తారు, లేదా అసలు రారు. మేం "రాజు లేని ఊరు" అని మాత్రమే వేస్తాం.

ఈ తగువు కొత్తది కాదు. శాంతిపర్వంలో రాజు లేకపోతే మత్స్యన్యాయమే, పెద్ద చేప చిన్న చేపను మింగేస్తుంది అన్న మాట ఉంది. అదే పర్వంలో ఇంకోచోట భీష్ముడు, మొదట్లో రాజ్యమూ లేదు, రాజూ లేడు, దండమూ లేదు, దండించేవాడూ లేడు, జనం ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకునేవాళ్లు అంటాడు. తర్వాత మోహం కమ్మి, లోభం పుట్టి అది చెడిపోయిందంటాడు. మీ నాటకం ఈ రెండు మాటల మధ్య ఉన్న జాగాలో జరుగుతుంది. మీ ప్రేక్షకుల్లో నూటికి తొంభై మంది చేపల పక్షాన కూర్చుని ఉంటారు. వాళ్లను ఇటు లాక్కురావడమే మీ పని అనుకున్నారా, నాటకం అక్కడితో సరి.

గాంధీ 1916 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం సభలో, తానూ అరాజకవాదినేననీ, అయితే వేరే రకమనీ అన్నాడు. ఆ ప్రసంగం పూర్తి కాకుండానే ఆగిపోయింది. ఆ వేరే రకం ఎలా ఉంటుందో వేదిక మీద చేసి చూద్దాం అన్నవాళ్లలో అందరికంటే దూరం వెళ్లింది లివింగ్ థియేటర్. జుడిత్ మలీనా, జూలియన్ బెక్ అనే దంపతులు న్యూయార్క్‌లో 1947లో పెట్టిన బృందం అది. ఇద్దరూ అరాజకవాదులు, యుద్ధమంటే పడనివాళ్లు. 1950లలో అణుదాడి డ్రిల్ జరిగితే షెల్టర్లోకి వెళ్లం అని బయటే కూర్చుని జైలుకెళ్లిన మనుషులు. 1968లో వీళ్ల బృందమంతా కలిసి "ప్యారడైజ్ నౌ" అనే నాటకం తయారుచేసింది. మీరు చేయాలనుకుంటున్నదానికి అది తాత లాంటిది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

దాని కట్టడం ఎనిమిది మెట్ల నిచ్చెన. ఒక్కో మెట్టులో మూడు భాగాలు: ఒక క్రతువు, ఒక దర్శనం, ఒక చర్య. మొదటి రెండూ నటులు చేస్తారు. మూడోది ప్రేక్షకులు నటుల సాయంతో చేయాలి. ఆ మెట్లన్నీ ఎక్కితే చివర హింస లేని, పాలకులు లేని విప్లవం ఉంటుంది. నిచ్చెన బొమ్మ గీసిన పటాన్ని ప్రేక్షకుల కోసం అచ్చువేశారు కూడా. ఆ పటం చూసినప్పుడల్లా నాకు మన వైకుంఠపాళి గుర్తొస్తుంది. అన్నీ నిచ్చెనలే, పాములు లేని వైకుంఠపాళి.

మొదటి మెట్టులో నటులు జనం మధ్య తిరుగుతూ, పాస్‌పోర్ట్ లేకుండా ప్రయాణం చేయడానికి నాకు వీల్లేదు అంటారు. గుసగుసగా మొదలై అది అరుపు దాకా వెళ్తుంది. తర్వాత, యుద్ధాలెలా ఆపాలో నాకు తెలీదు అంటారు. ఇలా ఒక్కో వాక్యం. ప్రేక్షకుడు ఏదైనా జవాబిస్తే నటుడు వింటాడు, విని మళ్లీ అదే వాక్యం అంటాడు. 1968 జులైలో ఫ్రాన్స్‌లోని అవిన్యోఁ నాటకోత్సవంలో ఈ నాటకం మొదలుపెట్టారు, అక్కడి అధికారులతో పడక మధ్యలోనే ఉత్సవం వదిలి వెళ్లిపోయారు. సెప్టెంబర్‌లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో నాటకం చివర జనంతో కలిసి, ఒంటి మీద పెద్దగా బట్టల్లేకుండా వీధిలోకి నడిస్తే పోలీసులు పట్టుకున్నారు.

ఆ ధైర్యానికి దండం పెడతాను. మనలో ఎవరం చేయలేం. కానీ ముప్ఫయ్యేళ్ల వయసులో నాకు వెలగని విషయం ఒకటి ఇప్పుడు అందులో కనిపిస్తుంది. స్వేచ్ఛ లేదు అని మీ ముఖంలో ముఖం పెట్టి అరిచే మనిషి ముందు మీకున్న స్వేచ్ఛ ఎంత? మీరు జవాబు చెప్పినా అతని వాక్యం మారదు. మీరు కదలకపోతే మీరు పాత ప్రపంచం మనిషి. కదిలితే అతను చెప్పినట్టు కదిలారు. అదే రోజుల్లో న్యూయార్క్‌లోనే ఇంకో బృందం "డయోనిసస్ ఇన్ 69" అనే నాటకంలో నటులు ప్రేక్షకులను ఆప్యాయంగా తాకే ఘట్టం ఒకటి పెట్టింది. కొందరు దాన్ని అలుసుగా తీసుకుని నటీమణులతో అసభ్యంగా ప్రవర్తించడంతో ఆ ఘట్టాన్ని మార్చాల్సి వచ్చింది. అవతలి మనిషి వద్దనే వీలు లేనప్పుడు దాన్ని పాల్గొనడం అనలేం.

ఇది పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. మా నాలుగో ప్రదర్శనలో మా నటి ఒకావిడ, ఎవరూ లేవడం లేదన్న కంగారులో ముందు వరసలో ఉన్న పెద్దావిడ చేయి పట్టుకుని "రా అమ్మా" అంటూ వేదిక మీదికి తీసుకొచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ పది నిమిషాలు తల వంచుకుని నిలబడి, ఎవరు ఏమడిగినా "మీ ఇష్టం నాయనా" అంది. ఎవరూ ఎవరి మీదా పెత్తనం చేయని ఊరు అని మేం కట్టిన దానిలో మొదటి పౌరురాలు అన్న మాట అది: మీ ఇష్టం నాయనా. ఆ రాత్రి సామాన్లు సర్దుతుంటే ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత నుంచి మాకు ఒకే ఒక్క నియమం. నాటకం మొదట్లో జోకర్ ఒక మాట చెప్తాడు: "మీరు ఎప్పుడైనా లేవొచ్చు, ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా ఇంటికెళ్లొచ్చు, ఎందుకని మేం అడగం." చెప్పడంతో ఊరుకోకుండా చేసి చూపిస్తాం. మా నటుల్లో ఒకడు మొదటి పది నిమిషాల్లోనే "నాకీ సీన్ నచ్చలేదు" అని వెళ్లి జనంలో కూర్చుంటాడు. మిగతా వాళ్లు అతను లేకుండా సర్దుకుంటారు. ఇది ముందే అనుకుని చేసేదే. కానీ దీని తర్వాత జనం లేవడం తేలికైంది. దిగిపోవడానికి దారి కనిపిస్తేనే మనిషి వేదిక ఎక్కుతాడు. మీ రెండో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే. వార్మప్ ఆటలూ, చప్పట్లూ, పాటలూ పనికిరావని కాదు, వాటిని ఎవరైనా నేర్పిస్తారు.

ఇక నాటకంలో ఏముండాలి. పామును పెట్టండి. అందరూ నవ్వుతూ పంచుకు తింటున్న ఊరిని చూపిస్తే ప్రేక్షకుడికి అక్కడ పనేముంటుంది? చూసి బాగుందంటాడు, లేకపోతే నవ్వుకుంటాడు. ఊరు సవ్యంగా నడుస్తుండగా ఒక చిక్కు వచ్చి, దాన్ని తేల్చడానికి పై అధికారి అంటూ ఎవరూ లేరన్న సంగతి అందరికీ ఒక్కసారిగా అర్థమయ్యే క్షణం కావాలి. అక్కడ నాటకం ఆగాలి. అక్కడే జనం లేస్తారు.

మాది చాలా సాదా కథ. ఊరికి ఒక ఉమ్మడి ధాన్యం పెట్టె ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు, చేతనైంది పోస్తారు. ఒకతను రాత్రిపూట ఎక్కువ తీసుకెళ్తున్నాడని తెలుస్తుంది. అడిగితే ఒప్పుకోడు. ఒప్పుకున్నాక మానడు. పన్నెండు నిమిషాల్లో ఇంతవరకూ ఆడి, జోకర్ చేయెత్తి ఆపుతాడు. "ఇప్పుడేం చేద్దాం?"

ఆ దొంగను తయారుచేయడానికి మాకు రెండేళ్లు పట్టింది. మొదట ఆకలితో తీసేవాడిగా రాశాం. తప్పు. ప్రేక్షకుల్లోంచి ఎవరో లేచి "అయ్యో, పెట్టండి" అంటారు, పెడతాం, చప్పట్లు, అయిపోయింది. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. రెండోసారి పచ్చి స్వార్థపరుడిగా రాశాం. అప్పుడు అందరూ కలిసి వాణ్ని తిట్టి సంతోషంగా ఇంటికెళ్లారు. మూడోసారి కుదిరింది. అతనికి ఆకలి లేదు, అత్యాశ కూడా అంతగా లేదు. ఈ పెట్టె ఇలాగే నిండుతూ ఉంటుందన్న నమ్మకం అతనికి లేదు, అంతే. "రేపు మీరంతా పోయడం మానేస్తే నా పిల్లల గతేంటి? అందుకే ముందు జాగ్రత్త" అంటాడు. ఈ మాటకు హాల్లో ఎవరి దగ్గరా సిద్ధంగా జవాబుండదు, ఎందుకంటే హాల్లో అందరూ అతనే.

అప్పుడు జరిగే తమాషా చూడాలి. ఎన్ని ప్రదర్శనలు చేశానో లెక్క రాయలేదు గానీ, దాదాపు ప్రతిసారీ మొదట లేచిన మనిషి ఐదు నిమిషాల్లో ప్రభుత్వం పెట్టేస్తాడు. "ఒక కమిటీ వేద్దాం" అంటాడు. కమిటీకి ముగ్గురు. ముగ్గురిలో ఒకరు పెద్ద. పెట్టె దగ్గర రాత్రి కాపలాకు ఇద్దరు బలమైన కుర్రాళ్లు. కుర్రాళ్లు మేలుకుని ఉండాలి కాబట్టి వాళ్లకు కొంచెం ఎక్కువ ధాన్యం. అందరి నుంచీ కొంచెం కొంచెం తీసి ఆ ధాన్యం సమకూర్చాలి. పన్ను పుట్టింది, పోలీసు పుట్టాడు, వేదిక మీదున్న పెద్దమనిషికి ఇంకా తెలియదు తను రాజయ్యాడని. జనంలోంచి ఎవరో "దండం దశగుణం భవేత్" అని వంత పాడతారు.

ఇక్కడ కుర్ర జోకర్లు చేసే తప్పు, "చూశారా, మళ్లీ ప్రభుత్వం పెట్టేశారు!" అని ఎగతాళి చేయడం. అలా చేస్తే ఆ మనిషి సిగ్గుపడి దిగిపోతాడు, ఇంకెవరూ లేవరు. జోకర్ తీర్పు చెప్పకూడదు. ఒక్క ప్రశ్న అడగాలి: "కమిటీ చెప్పింది ఇతను వినకపోతే?" తర్వాత నటులు ఆ ఏర్పాటును నిజాయితీగా ఆడి చూపించాలి. కాపలా కుర్రాడి పాత్రధారి ఒక వారం బాగానే ఉంటాడు. రెండో వారం తన బంధువు వస్తే చూసీ చూడనట్టుంటాడు. ఎవరూ చెప్పనక్కర్లేదు, హాల్లో నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వులోంచే రెండో మనిషి లేస్తాడు.

ఒక ఊళ్లో పన్నెండేళ్ల పిల్లాడు లేచి కమిటీ గురించీ దొంగ గురించీ ఏమీ మాట్లాడకుండా, "పెట్టెకి తాళం ఎందుకుంది?" అన్నాడు. అందరం పెట్టె వైపు చూశాం. నిజమే, తాళం ఉంది. సామాన్లు చూసుకునే అతను పాత ఇనుప పెట్టె తెచ్చాడు, దానికి తాళం వేలాడుతోంది. ఏడాదిన్నరగా అందరం దాని చుట్టూ నటిస్తూ "మా ఊళ్లో అందరిదీ ఉమ్మడే" అంటూనే ఉన్నాం, ఎవరికీ కనపడలేదు. తాళం చెవి ఎవరి దగ్గరుంది అని ఆ పిల్లాడు మళ్లీ అడిగాడు. ఆ రోజు మిగతా నాటకమంతా తాళం చెవి మీదే నడిచింది. అంత మంచి ప్రదర్శన మాకు మళ్లీ రాలేదు. తాళాన్ని తీసేయలేదు, ఇప్పుడు కావాలనే ఉంచుతున్నాం. ఎవరైనా అడుగుతారా అని చూస్తాం.

తరచూ వచ్చే ఇంకో పరిష్కారం వెలి. "కొట్టొద్దు, కట్టెయ్యొద్దు, మాట్లాడకుండా ఉందాం. వాడే దారికొస్తాడు." అహింసలాగే వినిపిస్తుంది కాబట్టి అందరికీ నచ్చుతుంది. మేం దాన్ని మాటల్లో వదిలెయ్యం. జోకర్ హాలంతటికీ చెప్తాడు: మూడు నిమిషాలు ఇతనితో ఎవరూ మాట్లాడకండి, చూడకండి. దొంగ పాత్రధారి జనం మధ్యకు వెళ్తాడు. కొంచెం మంచినీళ్లిస్తారా అని అడుగుతాడు. టైమెంతైందంటాడు. ఊరికే పక్కన కూర్చుంటాడు. మొదటి నిమిషం జనం ముసిముసిగా నవ్వుతారు. రెండో నిమిషానికి నవ్వు పోతుంది. మూడో నిమిషం పూర్తిగా గడిచింది రెండు సార్లే. మిగతా అన్ని సార్లూ ఎవరో ఒకరు నీళ్ల సీసా చాపారు. వెలి హింసా కాదా అన్న చర్చ అప్పుడు పెట్టండి, ముందు కాదు. నా మట్టుకు నాకు, అది హింసే. మా బృందంలో సగం మంది నాతో ఒప్పుకోరు.

ఉపన్యాసం భయం గురించి: దాన్ని రాతలో దిద్దలేరు, దాని మందు మీరు ఏం పణంగా పెడుతున్నారు అన్న దాంట్లో ఉంది. బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ తన మీద తనే చెప్పుకున్న కథ ఒకటుంది. 1960ల మొదట్లో తన బృందంతో పల్లెలకు వెళ్లి, భూమి కోసం రక్తం చిందిద్దాం అని తుపాకులెత్తి పాడేవాడు. ఒక చోట విర్జీలియో అనే రైతు కన్నీళ్లతో వచ్చి, మీ తుపాకులతో ఇప్పుడే రండి, మా భూమి లాక్కున్న భూస్వామి మీదికి పోదాం, ముందు అన్నం తినండి అన్నాడు. ఇవి ఉత్తుత్తి తుపాకులు, మేం నటులం అని చెప్పుకోవాల్సి వచ్చింది. తను పడని కష్టానికి తనే సలహా చెప్పే నాటకం ఆ తర్వాత వేయనన్నాడు బోల్. హింస బోధించేవాడికే కాదు, అహింస బోధించేవాడికీ ఇది వర్తిస్తుంది. రేపు పొద్దున దెబ్బలు తినేది ప్రేక్షకుడైనప్పుడు, తిరిగి కొట్టొద్దు అని మనం లైట్ల కింద నిలబడి చెప్పడం చాలా చవక.

ఆ బోల్ 1971లో సైనిక ప్రభుత్వం చేతిలో అరెస్టై, చిత్రహింసలు పడి, దేశం వదిలి వెళ్లాక 1973లో పెరూలో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేశాడు. మనం ఇప్పుడు ఫోరం థియేటర్ అంటున్నది ఆ రోజుల్లో పుట్టింది. దాని పుట్టుక కథ మీ మూడో ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. మోసం చేసిన భర్తను ఏం చేయాలి అన్న సీన్‌లో, ప్రేక్షకులు సలహాలిస్తే నటులు ఆడి చూపించేవారు. ప్రేక్షకుల్లో ఒక భారీ మనిషి ఆవిడ, "వాడితో స్పష్టంగా మాట్లాడాలి" అంది. నటి ఎంత స్పష్టంగా మాట్లాడినా, అలా కాదు అంటుంది. విసిగిపోయి, నువ్వే వచ్చి చూపించమ్మా అన్నాడు బోల్. ఆవిడ వచ్చి చీపురు కర్ర తీసుకుని భర్త పాత్రధారిని నిజంగానే బాదింది. అదీ ఆవిడ దృష్టిలో స్పష్టంగా మాట్లాడటం. ప్రేక్షకుడు స్వయంగా వేదిక ఎక్కే ప్రక్రియ అలా మొదలైంది. అంటే మనం అహింస కోసం వాడదామనుకుంటున్న పనిముట్టు పుట్టిందే ఒక దెబ్బతో. అది మరిచిపోయి స్క్రిప్ట్ రాస్తే మీ నటుడి వీపు గుర్తుచేస్తుంది.

మాకు చెంప గుర్తుచేసింది. దొంగ "ముందు జాగ్రత్త" అన్న డైలాగ్ చెప్పగానే ఒకాయన లేచి గబగబా వచ్చి మా కుర్రాణ్ని లాగి కొట్టాడు. నటనలో భాగమనుకుని సగం హాలు నవ్వింది. మేం ఏమీ జరగనట్టే సీన్ నడిపించేశాం. నా పంతొమ్మిదేళ్లలో అంత సిగ్గుపడాల్సిన పని ఇంకోటి లేదు. హింస లేని ఊరి గురించి నాటకం వేస్తూ, వేదిక మీద నిజమైన హింస జరిగితే చూడనట్టు ఊరుకున్నాం.

అందుకని ఇప్పుడు: వేదిక మీద ఎవరైనా, నటుడైనా ప్రేక్షకుడైనా, "ఆపు" అంటే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. ఎవరైనా కొట్టాలనుకుంటే కొట్టొచ్చు, కానీ చాలా నెమ్మదిగా, చేయి గాల్లో ఒక నిమిషం ప్రయాణించేంత నెమ్మదిగా. ఈ నియమం మొదట్లో నవ్వు తెప్పిస్తుంది. తర్వాత ఒక విచిత్రం జరుగుతుంది. ఆ నిమిషంలో కొట్టేవాడి ముఖం మారిపోతుంది. ఎదుటివాడికి కూడా ఏదైనా చేయడానికి టైము దొరుకుతుంది. చాలా మంది చేయి మధ్యలోనే దించేస్తారు. అహింస గురించి నాకు తెలిసిందంతా ఆ నెమ్మది చేతుల్ని చూసి నేర్చుకున్నదే.

ఇంకా లోతుగా వెళ్లాలంటే 1959లో అమెరికాలోని నాష్‌విల్‌లో జేమ్స్ లాసన్ నడిపిన శిక్షణ గురించి చదవండి. అతను అంతకుముందు మన నాగపూర్‌లో ఉండి గాంధీ పద్ధతులు చదువుకుని వెళ్లిన మనిషి. నల్లవాళ్లకు వడ్డించని హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చోబోయే విద్యార్థుల చేత ముందే ఆ సీన్ ఆడించేవాడు. కుర్చీలు వరసగా వేసి కొందరు కూర్చుంటారు, కొందరు తెల్లజాతి గూండాలుగా నటిస్తూ తిడతారు, నెడతారు, ముఖం మీద పొగ వదులుతారు. తిరిగి కొట్టకుండా ఎలా ఉండాలో, పక్కవాణ్ని ఎలా కాపాడాలో అలా సాధన చేశారు. 1960 ఫిబ్రవరిలో నిజంగా వెళ్లి కూర్చున్నారు. టికెట్ లేని, చప్పట్లు లేని ఆ రిహార్సల్‌ని నేను మన రంగంలో వచ్చిన గొప్ప నాటకాల్లో లెక్కేస్తాను. మీ బృందం ఆ గూండా పాత్రలు ఒక్క సాయంత్రం ఆడి చూడండి. తిట్టేవాడిగా ఉండటం ఎంత తేలికో తెలిస్తే దొంగ పాత్రను రాసే తీరు మారుతుంది.

డైరెక్టర్ సంగతి. మా బృందంలో మొదటి రెండేళ్లు డైరెక్టర్ లేడని గర్వంగా చెప్పుకున్నాం. లేడు అంటే కుర్చీ లేదంతే. నోరు గలవాడిదే రాజ్యం అన్నట్టు, రిహార్సల్‌లో ఎక్కువసేపు మాట్లాడగలిగినవాడిదే ఆఖరి మాట అయ్యేది. ఆ మాట్లాడేవాణ్ని నేనే. మూడో ఏట ఒక అమ్మాయి వెళ్లిపోతూ, "నువ్వు డైరెక్టర్‌వని ఒప్పుకుని ఉంటే కనీసం నీతో పోట్లాడేదాన్ని" అంది. పేరు పెట్టని పెత్తనాన్ని ప్రశ్నించడం కష్టం. కాబట్టి డైరెక్టర్‌ని పెట్టుకోండి, కానీ నాటకానికొకరిని, లేదా నెలకొకరిని, దింపే వీలుతో. మేం జోకర్‌ని ప్రతి ప్రదర్శనకూ మారుస్తాం. నేను బాగా చేస్తానని అందరూ అంటారు. అందుకే నాకు మూడు ప్రదర్శనలకొకసారి మాత్రమే వస్తుంది.

ప్రేక్షకులు ఎనభై మంది దాటితే వేదిక దగ్గర ఐదుగురు మాట్లాడటం, మిగతావాళ్లు వినడం మొదలవుతుంది. అప్పుడు జనాన్ని ఎనిమిదీ పది మంది చొప్పున గుంపులు చేసి, గుంపుకొకరు వచ్చి చెప్పేలా పెట్టండి. వచ్చినవాడు గుంపు మాట మోసుకొస్తాడు, సొంతంగా ఒప్పందం చేసుకోడు, కొత్త సంగతి వస్తే వెనక్కెళ్లి అడుగుతాడు. ఇది ఉత్త ఊహ కాదు. 1977లో అమెరికాలోని సీబ్రూక్‌లో అణు విద్యుత్ కేంద్రం కట్టే స్థలాన్ని ఆక్రమించినవాళ్లు ఇలాంటి చిన్న గుంపులుగానే వెళ్లారు. 1,414 మందిని అరెస్టు చేసి దాదాపు రెండు వారాలు ఆయుధశాలల్లో ఉంచితే, అక్కడా ఇదే పద్ధతిలో నిర్ణయాలు చేసుకున్నారు. నాటకంలో ఇది పదిహేను నిమిషాలు తింటుంది, విసుగ్గా కూడా ఉంటుంది. ఆ విసుగును తీసేయకండి. పోలీసు లేకుండా బతకడం అంటే బోలెడు మీటింగులని జనానికి తెలియాలి.

మిగతావి చకచకా. వృత్తంగా కూర్చోబెట్టండి, ఎత్తు వేదిక వద్దు. మొత్తం గంటన్నర దాటనివ్వకండి. మొదటిసారి మూడు గంటలు చేశాం, చివరికి మిగిలింది మేమూ లైట్లతనూ. బయట వేస్తే అనుమతి తీసుకోండి. పోలీసులు లేని ఊరి నాటకానికి పోలీసుల అనుమతా అని మీ కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. దొంగ పాత్ర వేసేవాణ్ని ప్రతి ప్రదర్శన తర్వాతా ఎవరో ఒకరు కూర్చోబెట్టుకుని మామూలు కబుర్లు చెప్పండి. గంటన్నర సేపు హాలంతా తనను ఏం చేయాలా అని ఆలోచించింది, అది ఒంటికి పడుతుంది.

ముగింపు ఎలా అని మీరు అడగలేదు, కానీ రాసేటప్పుడు తగులుతుంది. మేం రాయలేదు. టైము కాగానే జోకర్, "ధాన్యం సంగతి ఇంకా తేలలేదు, మా టైమైపోయింది" అంటాడు, నటులు మామూలు మనుషులై సామాన్లు సర్దడం మొదలుపెడతారు. జనం వెంటనే వెళ్లరు. కమిటీ పెట్టినాయన, నీళ్ల సీసా ఇచ్చినావిడ తలుపు దగ్గర నిలబడి వాదించుకుంటూ ఉంటారు. మీకు అందులో దూరాలనిపిస్తుంది. దూరకండి. పెట్టె బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టాలి.